ఎద్దుల సుంకన్న కుందేలుకు జత వెతికిన కథ

అనగనగా ఒక అడవి. ఆ అడవి ముగిసేచోట ఒక ఆముదపు చేను. ఆ చేను ముగిసేచోట సుంకన్న ఇల్లు. పిల్లలూ, ఈ కథ ఆ ఇంటి పెరట్లో జరిగింది. పెద్ద అడవిలో జరగవలసినంత కలవరం ఆ చిన్న పెరట్లోనే జరిగింది.

చుట్టుపక్కల ఏడూళ్లలో సుంకన్నకు ఒక పేరుంది. ఎద్దుల జత కుదర్చాలంటే ఆయనే కుదర్చాలి. ఎవరైనా ఒక కోడెను కొని, దానికి సరిజోడు కావాలనుకుంటే ఆయనను సంతకు పిలుచుకుపోతారు. ఆయన మూర వేసి ఎత్తు కొలుస్తాడు. కొమ్ముల వంపు చూస్తాడు. నుదుటి మీద వెంట్రుకల సుడి ఎటు తిరిగిందో వేలితో తడిమి చూస్తాడు. రంగు, ఎత్తు, సుడి మూడూ కలిస్తేనే "ఇది జత" అంటాడు. ఆయన అన్నాక రెండో మాట ఉండదు.

ఆ పెరట్లో ఎద్దుల కొట్టం పక్కన ఒక చెక్కగూడు ఉంది. అందులో దూది అనే తెల్ల కుందేలు ఉండేది. సుంకన్న భార్య మారెక్క ఒక తిరునాళ్లలో రింగులాట ఆడి దానిని గెలుచుకుంది. సబ్బుపెట్టె కోసం విసిరిన రింగు వెళ్లి కుందేలుపిల్ల బుట్ట మీద పడింది. దూది ఆ ఇంటికి వచ్చింది అలా.

మొదటి ఏడాది దూదికి ఏ చింతా లేదు. రెండో ఏడాది ఒక పొద్దున దానికి ఏదో అయింది. గూటిలోని ఎండుగడ్డిని నోటినిండా కరచుకొని ఒక మూలకు మోయసాగింది. ఎందుకు మోస్తోందో దానికి తెలియదు. తర్వాత ఎదమీది బొచ్చును తానే పీకి ఆ గడ్డి మీద పరిచింది. నొప్పి పుట్టింది. అయినా ఆపలేకపోయింది. మెత్తని పక్క సిద్ధమైంది. అందులో పడుకోవలసినవారు ఎవరో, వారు మాత్రం రాలేదు.

పెరట్లో తిరిగే ఎర్రటి డేగరంగు కోడిపెట్ట గూటి దగ్గర ఆగి మెడ వంచి చూసింది.

"ఏమే దూదీ, పురుడా? మగడెవరో మాకు చూపించనేలేదే" అంది.

"పురుడు కాదు పిన్నీ."

"మరి ఈ పక్క ఎవరికి?"

"తెలియదు."

"తెలియకుండానే ఒళ్లు పీక్కున్నావా? బాగుంది. నేను ఒక్క గుడ్డు పెడితే ఊరంతా వినేలా అరుస్తాను. నువ్వు గుడ్డూ పెట్టవు, పిల్లనూ కనవు, పక్క మాత్రం వేస్తావు."

దూది ఆ పక్కకు అడ్డంగా కూర్చుంది. పక్షం రోజులు అది ఆ ఖాళీ పక్కకు కాపలా కాసింది. గడ్డి మార్చడానికి మారెక్క చేయి పెడితే గుర్రుమంది. ఒకసారి కరిచింది కూడా. ఆ తర్వాత, ఎలా వచ్చిందో అలాగే, ఆ తపన పోయింది. దూది తాను వేసిన పక్కను తానే కొత్తగా చూసింది. ఇదంతా ఎవరు చేశారు అనుకుంది.

మారెక్క వేలికి పసుపు అద్దుకుంటూ మొగుడితో అంది. "ఒంటిది. మాట్లాడేదానికి ఒక ప్రాణి లేదు. అందుకే దానికి మతి చెదిరింది."

"జత తెస్తే పోయె" అన్నాడు సుంకన్న. "ఎద్దులకు తేలేదా, కుందేలుకు తేలేనా?"

సంతలో ఆయన ఒక పూటంతా గడిపాడు. ముప్పై కుందేళ్లను ఎత్తి చూసి ఒక దానిని తెచ్చాడు. దాని పేరు ముత్యం. అది మగది. అచ్చంగా దూదిలాగే తెలుపు. అదే ఎత్తు. అవే ఎర్రటి కళ్లు. రెండింటినీ చెరో చేత పట్టుకొని సుంకన్న నుదుళ్లు ఆనించి చూశాడు.

"చూడు మారీ, సుడి కూడా ఎడమకే తిరిగింది. అద్దంలో చూసినట్టు లేదా?"

"ఉంది" అంది మారెక్క. "వాటినేమన్నా అడిగినావా?"

"ఎద్దుల్ని అడిగి కాడి కడతామా?" అంటూ సుంకన్న ముత్యాన్ని నేరుగా దూది గూటిలో పెట్టి తలుపు వేశాడు. కొత్త ఎద్దులను ఆయన అలాగే చేస్తాడు. మొదటిరోజే ఒకే కాడి. గింజుకుంటాయి, అలిసిపోతాయి, సర్దుకుంటాయి.

దూది సంతోషించాలనుకుంది. నిజంగానే అనుకుంది. కాని ముత్యం పలకరించలేదు. గుండ్రంగా తిరుగుతూ వెంటపడింది. మూలకు తరిమింది. మీదికెక్కబోయింది. "ఆగు, నీ పేరేమిటి?" అని దూది అడగబోయింది. ఆ మాట రాకముందే పళ్లు వచ్చాయి. గూడంతా తెల్లబొచ్చు లేచింది. ఏది ఎవరి బొచ్చో చెప్పడానికి వీల్లేకపోయింది. మారెక్క పరుగెత్తుకొచ్చి తలుపు తీసేసరికి ముత్యం ముక్కు చీలి నెత్తురు కారుతోంది.

ముత్యం అమ్మినవాడి దగ్గరికే వెళ్లిపోయింది. "మగది కాబట్టి పొగరు. ఆడదాన్ని తెస్తా" అన్నాడు సుంకన్న. ఈసారి పిండి అనే ఆడ కుందేలును తెచ్చాడు. అదీ తెలుపే. అదీ అంతే ఎత్తు. సుడి ఎడమకే.

తలుపు దగ్గర బుట్టలో పిండి ఉన్నంతసేపూ దూదికి ఎంతో బాగుంది. ఇద్దరూ కబుర్లాడుకున్నారు.

"మీ ఇంట్లో కొత్తిమీర వేస్తారా?" అని అడిగింది పిండి.

"వేస్తారు. కాడలు నావి. ఆకులు నీకిస్తాను."

"నాకు కాడలే ఇష్టం."

"అయితే సగం సగం."

ఇంత స్నేహంగా మాట్లాడుకున్న ఆ రెండూ గూటిలో పక్కపక్కన పడగానే ఏమైందో చూడండి. పిండి ఒక అడుగు ముందుకు వేసి మూలన ఉన్న గడ్డిని వాసన చూసింది. అంతే. ఇది నా చోటు అని దూది లోపల ఎవరో అరిచారు. దూది ఎగిరి పిండి వీపు మీద పడింది. పడుతూనే, ఇది నేను కాదు అనుకుంది. అనుకుంటూనే కరిచింది. పిండి వీపు చర్మం బెత్తెడు మేర లేచింది.

సుంకన్న రెండింటినీ విడదీశాడు. ఆయన ముఖం నల్లబడింది. తన చేతి మీద తప్పిన జత అంతవరకు ఒక్కటీ లేదు.

"మూడోది చూస్తా" అన్నాడు. "అదీ కుదరకపోతే దీన్ని అడవిలో వదిలేస్తా. దాని జాతి దానికి అక్కడుంది. ఇంట్లో పెట్టుకొని నెత్తురు కళ్లజూసేది నాతో కాదు."

ఆయన మాట ఇచ్చాక తప్పేవాడు కాదు. అది ఆయన గుణం. ఆ మాట దూది చెవిన పడింది. పెద్ద చెవులున్నందుకు అది మొదటిసారి బాధపడింది.

"అడవి అంటే ఎలా ఉంటుంది పిన్నీ?" అని కోడిపెట్టను అడిగింది.

"అక్కడి కుందేళ్లు మట్టిరంగువి. కూర్చుంటే కనపడవు. నువ్వు తెల్లదానివి. నక్కకు దీపం పెట్టి చూపించినట్టుంటావు" అంది కోడిపెట్ట. ఆ తర్వాత మనసు నొచ్చినదై, "ఒక్క పూటైనా బతుకుతావులే" అని కూడా అంది.

మర్నాడు మారెక్క పిండికి కుట్లు వేయించడానికి పశువుల ఆసుపత్రికి బయలుదేరింది. రెండో బుట్టలో దూదినీ పెట్టుకుంది. సుంకన్న వెంట నడిచాడు.

డాక్టరమ్మ పేరు హేమావతి. పిండికి కుట్లు వేశాక ఆమె దూదిని పైకెత్తి, పొట్ట తడిమి, బొచ్చు లేని ఎదను చూసింది.

"పిల్లలు లేకుండానే పక్క వేసుకుందా?" అని అడిగింది.

"వేసింది. మతి చెదిరిందేమో అనుకున్నాం" అంది మారెక్క.

"మతి కాదు. ఒళ్లు అలా చెబుతుంది. ఈ కోపం కూడా చాలావరకు అదే. దీనికి గర్భసంచి తీసేయాలి. దీనికి జతగా తెచ్చే మగదానికి విత్తులు తీయాలి. రెండింటికీ అయ్యాక, నెల ఆగి, అప్పుడు మెల్లగా కలపాలి. ఒక మగ, ఒక ఆడ అయితే ఎక్కువసార్లు కుదురుతుంది."

సుంకన్న ముందుకు వచ్చాడు. "కోడెలకు చేయించేది నాకు తెలుసమ్మా. ఆడదానికి, అందులోనూ ఇంత పిడికెడు ప్రాణికి కోత పెట్టేది పాపం కాదా?"

"కోడెలకు చేయించినప్పుడు పాపం అనిపించలేదా?"

"అది సేద్యం కోసం."

"ఇది దాని బతుకు కోసం. ఈనని ఆడ కుందేళ్లకు వయసు మీదపడితే చాలామటుకు గర్భసంచిలో గడ్డలు లేస్తాయి. అయితే కోత అన్నాక భయం ఉండనే ఉంటుంది. లేదని నేను అబద్ధం చెప్పను. ఆలోచించుకొని రండి."

సుంకన్న లేవబోయాడు. డాక్టరమ్మ మరొకటి అడిగింది. "మీరు జతలు బాగా కుదురుస్తారని విన్నాను. కాడి దించాక మీ ఎద్దులు ఎక్కడ పడుకుంటాయి?"

"కొట్టంలో."

"పక్కపక్కనేనా?"

సుంకన్న బుట్టలు చేతికి తీసుకున్నాడు. ఆయన ఎప్పుడూ చూడలేదు.

పిండిని దారిలో అమ్మినవాడికే తిరిగి ఇచ్చేశారు. ఇంటికి వచ్చాక దూది నెమ్మది లేక తిరిగింది. ఆసుపత్రిలో విన్నది దానికి సగమే అర్థమైంది. తనలోంచి ఏదో తీసేస్తారు. ఆ తీసేసేది తన కోపమా? తన పిల్లలా? ఆ రెండూ పోయాక మిగిలేది ఎవరు?

కోడిపెట్టను అడిగింది. "పెట్ట అన్నాక గుడ్డు పెట్టాలి. పెట్టకపోతే అది పెట్ట ఎందుకవుతుంది? నువ్వు ఒప్పుకోవద్దు" అంది కోడిపెట్ట.

కొట్టం గుంజకు కట్టి ఉన్న మేకను అడిగింది. మేక చాలాసేపు ఆకు నమిలింది. "నాకు ఏడు కాన్పులు. ఏడూ సంతకు పోయాయి. నన్నడిగితే ఏం చెప్పను బిడ్డా" అంది.

చివరికి మైలడు అనే ఎద్దును అడిగింది. మైలడికి ఒక జతగాడున్నాడు. సుంకన్న కుదిర్చిన జతలన్నింటిలోకీ గొప్ప జత వారిది. ఎండలో నిలబెడితే ఏది ఏదో పోల్చడం కష్టం.

"మైలమామా, నీకూ చేశారట కదా?"

"చేశారు. అంతకుముందు నేను కోడెను. పొద్దున లేస్తే ఎవరినో ఒకరిని పొడవాలనిపించేది. ఎవరినో తెలియదు."

"నాకూ అంతే. తర్వాత?"

"తర్వాత అనిపించలేదు."

"అయితే మంచిదేనా?"

మైలడు నెమరు ఆపాడు. "నన్ను అడిగి చేయలేదు. అందుకని మంచిదనడానికి నోరు రాదు. ఆ తర్వాత కంటినిండా నిద్ర పట్టింది. అందుకని చెడ్డదనీ అనలేను."

దూదికి ఇంకా అయోమయం పెరిగింది. "పోనీ, నీకు మంచి జత దొరికింది కదా" అంది.

"కాడి కిందనా? దొరికింది. పగలంతా ఒకే అడుగు వేస్తాం. కాడి దించాక వాడి ముఖం నేను చూడను, నా ముఖం వాడు చూడడు."

"ఎందుకు మామా?"

"ఎందుకో తెలిస్తే మాట్లాడి తీర్చుకునేవాళ్లం. బరువు మోయడానికి ఎత్తులు కలిస్తే చాలు. పక్కన పడుకోవడానికి ఏవి కలవాలో ఇన్నేళ్లకీ నాకు తెలియలేదు."

మర్నాడు మధ్యాహ్నం సుంకన్న కాడి దించి, ఎద్దులకు నీళ్లు పెట్టి, ఎన్నడూ లేనిది కొట్టం ఎదుట గొంతుక్కూర్చున్నాడు. జతగాడు అటు గోడకు పోయి, ఇటు వీపు పెట్టి పడుకున్నాడు. మైలడు ఇటు వచ్చి మేక పక్కన కూలబడ్డాడు. మేక ఆ పెద్ద పొట్టకు ఆనుకొని కళ్లు మూసింది. సుంకన్న చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. మారెక్క అన్నానికి పిలిస్తే లేవలేదు.

మర్నాడు పొద్దున ఆయనే బుట్ట తెచ్చి గూటి ముందు పెట్టాడు. మారెక్క తన పాత చీరముక్కను అందులో పరిచింది. దూది కాసేపు అటూ ఇటూ చూసి, ఆ చీర వాసన పట్టుకొని బుట్టలోకి దిగింది. దానిని నిర్ణయం అనాలో, అలవాటు అనాలో చెప్పడం కష్టం. పిల్లలూ, పెద్దవాళ్లు తీసుకునే నిర్ణయాలు కూడా చాలావరకు అలాంటివే.

ఒక సూది. ఒక చీకటి. మళ్లీ వెలుతురు. పొట్టలో మంట. "తినాలి, తినకపోతే ప్రమాదం" అంటోంది డాక్టరమ్మ. మారెక్క కొత్తిమీర కాడ పెదవుల దగ్గర పెట్టి కూర్చుంది. దూదికి తినాలని లేదు. ఆమె చేయి అలిసిపోతుందేమోనని ఒక కాడ నమిలింది.

నెల గడిచింది. గాయం మానింది. ఎదమీద కొత్త బొచ్చు వచ్చింది. ఒక పొద్దున దూది మూలనున్న గడ్డిని చూసింది. అది గడ్డిగానే కనిపించింది. ఎక్కడికీ మోయాలనిపించలేదు. దానికి తేలికగా అనిపించింది. కొంచెం వెలితిగా కూడా అనిపించింది. ఎవరికోసమో ఎదురుచూడడం మానేసినట్టు. ఎవరికోసమో మాత్రం అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

అప్పుడు మూడో జత వంతు వచ్చింది. ఆసుపత్రి వెనక కంచెలో మూడు మగ కుందేళ్లు ఉన్నాయి. ఎవరెవరో పెంచలేక వదిలిపోయినవి. మూడింటికీ విత్తులు తీసి నెల దాటింది. ఒకటి మంచులా తెల్లనిది. ఒకటి నల్లనిది. ఒకటి ఉలవరంగుది. దాని పేరే ఉలవ. అది దూదికి ఒకటిన్నర రెట్లుంటుంది. దాని కుడిచెవి సగం చిరిగిపోయింది.

సుంకన్న చేయి తనంతట తానే తెల్లదాని మీదికి పోయింది. "దీని నుదుటి సుడి..." అని మొదలుపెట్టాడు. మారెక్క ఆయన వైపు చూసింది. ఆయన చేయి వెనక్కి తీసుకొని, ఎక్కడ పెట్టాలో తెలియక, చంకలో దాచుకున్నాడు.

డాక్టరమ్మ దూదిని కంచె ఇనుప జాలీకి ఇవతల వదిలింది. తెల్లది ఉరికి వచ్చి జాలీని కొరికింది. దూది వెనక్కి నడిచింది. నల్లది భయపడి మూలకు పోయి వణికింది. దూదికి ఏం చేయాలో తోచలేదు. ఉలవ మాత్రం కూర్చున్నచోటే కూర్చొని ముఖం తుడుచుకుంటోంది.

"నన్ను చూడవేం?" అని దూది అడిగింది.

"ఒక చెవి తుడుచుకోవడం అయింది. రెండోది కూడా కానివ్వు" అంది ఉలవ.

ఆ జవాబులో ఏముందో దూదికి అర్థం కాలేదు. కాని అక్కడే, జాలీకి ఆనుకొని, కాళ్లు చాపి పడుకుంది. అంతవరకు అది ఏ కుందేలు ముందూ అలా పడుకోలేదు.

"దాన్నే తీసుకుపోతాం" అన్నాడు సుంకన్న. ఆ మాట అనడానికి ఆయనకు చాలా కష్టమైంది.

ఈసారి ఒకే గూటిలో పడేయలేదు. రెండు గూళ్లు పక్కపక్కన, నడుమ ఇనుప జాలీ. రోజూ మారెక్క ఈ గూటి గడ్డి ఆ గూటిలో, ఆ గూటి గడ్డి ఈ గూటిలో వేసేది. ఒకరి వాసనలో ఒకరు నిద్రపోవడం నేర్చుకున్నారు. ఇరవై ఒక్క రోజులు అలా గడిచాయి. సుంకన్న ఎన్నిసార్లో వచ్చి జాలీ మీద చేయి వేశాడు. ఎన్నిసార్లో తీసేశాడు. ఎదురుచూడడం ఆయనకు చేతకాని పని.

ఇరవై రెండో నాడు, ఏ గూడూ కాకుండా, ఇద్దరూ ఎన్నడూ ఎరగని చోటు కావాలని, ఎద్దుల బండి మీద గోనెపట్టా పరిచి ఇద్దరినీ దింపారు. అది ఎవరి చోటూ కాదు. దూది పట్టా అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఇది ఆఖరిదని దానికి తెలుసు. ఇప్పుడు కరిస్తే అడవే.

ఉలవ ఒకసారి వెంటపడింది. దూది ఒకసారి తరిమింది. రెండు పోగుల బొచ్చు లేచింది. మారెక్క ముందుకు వంగింది. సుంకన్న ఆమె భుజం పట్టి ఆపాడు.

అప్పుడు దూది ఉలవ ఎదుటికి వచ్చి తల నేలకు ఆనించింది. నా నుదురు నాకి పెట్టు అని కుందేళ్లు అలాగే అడుగుతాయి. సరిగ్గా అదే సమయంలో ఉలవ కూడా తల ఆనించింది. రెండు తలలూ ఎదురెదురుగా అలాగే ఉండిపోయాయి.

చాలాసేపటికి ఉలవ అంది. "పిల్లా, నా మెడ పట్టేస్తోంది."

"నాదీ."

"ఎవరో ఒకరు ముందు మొదలుపెట్టాలి. లేకపోతే పొద్దుగూకే దాకా ఇంతే."

దూది తల ఎత్తింది. ఆ చిరిగిన చెవి దాని నోటికి బెత్తెడు దూరంలో ఉంది. అది నోరు తెరిచింది. పళ్లు వస్తాయో నాలుక వస్తుందో దానికే తెలియదు.

నాలుక వచ్చింది.

దూది ఆ చెవిని మొదలు నుంచి చివరిదాకా నాకింది. కొసన ఆగి, "ఉలవా, నేను కరవలేదేం?" అని అడిగింది. "అప్పుడు కరిచినది నేనా, ఇప్పుడు కరవనిది నేనా?"

"అంత పెద్ద సంగతి నన్నడిగితే ఎలా?" అంది ఉలవ కళ్లు మూసుకొని. "చెవి వెనక ఇంకాస్త నాకు."

దూది ఆలోచిస్తూనే నాకింది. ఆలోచన తెగలేదు. కాళ్లు మాత్రం వాటంతటవే చాచుకున్నాయి. ఉలవ పెద్ద ఒళ్లు పక్కకు ఒరిగి దానికి ఆనుకుంది.

సుంకన్న బండి చక్రానికి ఆనుకొని నేల మీద కూర్చున్నాడు.

"రంగు కలవలేదు" అన్నాడు.

"లేదు" అంది మారెక్క.

"ఎత్తు కూడా."

"ఊఁ."

ఆయన లేచి నిలబడి, "నడుమ జాలీ తీసేసి రెండు గూళ్లూ ఒకటి చేయాల. సుత్తి ఎక్కడ పెట్టినావు?" అని అడిగాడు.

నీతి: తోడును మన కంటి కొలతతో ఎంచరాదు, ముందు లోపలి పోరు చల్లారాలి, ఆపైన దగ్గరవడానికి వారికి తగినంత కాలం ఇవ్వాలి.